మంద, దండు, ముఠా: గుంపు మాటల్లో మన చరిత్ర

ప్రాథమిక తరగతుల్లో గుంపు మాటల పాఠం చెప్పని ఉపాధ్యాయులు మనలో ఉండరు. గొర్రెల మంద, చీమల బారు, మిడతల దండు, అరటి గెల, కట్టెల మోపు, దొంగల ముఠా అని పిల్లలు వరసగా అప్పజెబుతారు. పరీక్షలో జతపరచమని ఇస్తే ఇటువైపు దొంగలు, అటువైపు ముఠా. గీత సరిగా గీస్తే ఒక మార్కు.

మైదానపు బడిలో ఆ పాఠం అక్కడితో సరి. మన్యంలో అలా సరిపోదు. చింతపల్లి, గూడెం కొత్తవీధి, రంపచోడవరం కొండల్లో పాతతరం వాళ్ళు తమ ఊరు చెప్పేటప్పుడు ముఠా పేరు కూడా కలిపి చెప్పేవారు. ఇప్పటికీ బాగా పెద్దవయసు వాళ్ళను కదిపితే "మాది ఫలానా ముఠా" అంటారు. ముఠాదారు వంశం అని చెప్పుకొనే ఇళ్ళలో ఆ మాట గౌరవంగానే వినిపిస్తుంది. అదే ఇంటి పిల్లవాడు బడికి వచ్చి, ముఠా అంటే దొంగల గుంపు అని నేర్చుకొని వెళ్తాడు. ఆ రాత్రి తాత నోట అదే మాట వింటే వాడేమనుకోవాలి?

ఒక మాటకు రెండు అర్థాలు ఉండటం ఏ భాషలోనైనా మామూలే. ఆ రెండింటిలో ఒకటి బడి పుస్తకంలోకి ఎక్కి, రెండోది ముసలివాళ్ళతో పాటు పోతోంది. ఇది ఊరికే జరిగింది కాదు. జంతువుల గుంపులకూ మనుషుల గుంపులకూ పెట్టిన మాటలను కొంచెం విప్పి చూస్తే అందులో మన ఆదివాసుల చరిత్ర చాలా కనబడుతుంది. ఆ పని ఇక్కడ చేద్దాం.

కాపరి ఉంటే మంద

ముందు జంతువుల మాటలు చూద్దాం. ఆవుల మంద, మేకల మంద, గొర్రెల మంద అంటాం. ఈ మాట వినగానే పశువులతో పాటు ఒక మనిషి కూడా కళ్ళముందుకు వస్తాడు. మందకు కాపరి ఉంటాడు. పొద్దున తోలుకెళ్తాడు, సాయంత్రం తోలుకొస్తాడు, తలలు లెక్క చూసుకుంటాడు. ఎరువు కోసం రైతు తన చేలో గొర్రెల మంద పెట్టించుకుంటాడు. మందకు లెక్క ఉంది, యజమాని ఉన్నాడు. అడవిలో తమంతట తాము తిరిగే వాటిని ఎక్కువగా గుంపు అంటాం. ఒడిశా వైపు నుంచి పార్వతీపురం మన్యంలోకి దిగి పంటలు తొక్కే ఏనుగుల గురించి పత్రికలు రాసేటప్పుడు ఏనుగుల గుంపు అనే రాస్తాయి.

దండు అంటే సైన్యం. దండెత్తడం, దండయాత్ర అనే మాటలు అందులోంచే వచ్చాయి. మిడతలకు దండు అనే పేరు పెట్టినవాడు రైతే అయ్యుండాలి. పొలం మీద పడి ఆకు మిగల్చకుండా మేసే పురుగుకు సైన్యం పేరు పెట్టాడంటే, ఊరి మీద సైన్యం పడితే ఏం మిగులుతుందో అతనికి బాగా తెలుసన్నమాట. మూక అనే మాటకు పాత తెలుగులో సైన్యం అనే అర్థం కూడా ఉండేది. ఇప్పుడు అల్లరి మూక, మూకదాడి అనే చోట్ల తప్ప ఆ మాట వినబడదు. సరుకు మోసే ఎడ్ల వరసను, దానితో నడిచే మనుషులను కలిపి బిడారు అనేవారు. తేనెటీగల ఇంటిని తేనెపట్టు అంటాం. పనికి కలిసి వెళ్ళే మనుషులను జట్టు అంటాం.

ఈ మాటలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. గుంపు మాటలో గుంపుతో పాటు, దాన్ని చూసేవాడి చూపు కూడా ఉంటుంది. కాపరి చూస్తే మంద. దెబ్బతిన్న రైతు చూస్తే దండు. కలిసి పనిచేసేవాడు చూస్తే జట్టు. మనుషుల గుంపుకు ఒక మాట వాడినప్పుడు కూడా ఎవరు చూసి పెట్టిన మాట అని అడగాలి.

మనుషులను జంతువుల మాటతో పిలిస్తే మైదానంలో తిట్టు కింద లెక్క. మందలా తోలారు అంటే అవమానం. మన దగ్గర లెక్క వేరు. మన్యంలో ఏ బడి హాజరుపట్టీ తీసినా కిల్లో, కొర్ర, పాంగి, వంతాల, గొల్లోరి, కిముడు అనే ఇంటిపేర్లు కనబడతాయి. కొర్ర వాళ్ళది సూర్యుడి గోత్రం. కిల్లో వాళ్ళది పులి, పాంగి వాళ్ళది గద్ద, వంతాల వాళ్ళది పాము, గొల్లోరి వాళ్ళది కోతి, కిముడు వాళ్ళది ఎలుగు. తమ గోత్రపు జంతువును చంపకూడదనేది కట్టుబాటు. ఒకే గోత్రం వాళ్ళు ఒకరికొకరు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, అందుచేత వాళ్ళలో వాళ్ళకు పెళ్ళి కుదరదు. కొండదొర, కోటియ, పోర్జ, వాల్మీకి, బగత అని తెగ మారినా ఈ గోత్రాల్లో కొన్ని అటూ ఇటూ కనిపిస్తూనే ఉంటాయి. జంతువు పేరు మీద మనుషులను కలిపే పద్ధతి ఇది. ఇక్కడ జంతువు కాపరి కింద బతికే ప్రాణి కాదు, చుట్టం.

ముఠా అంటే ఊళ్ళ కట్ట

ఇప్పుడు ముఠా సంగతి. పాత రెవెన్యూ వ్యవహారంలో ముఠా అంటే కొన్ని గ్రామాలను కలిపి కట్టిన ఒక కట్ట. 1802 తర్వాత శాశ్వత శిస్తు పద్ధతి పెట్టినప్పుడు, జమీందార్ల కింద లేని మైదానపు గ్రామాలను ఇంగ్లీషు కుంపిణీ వాళ్ళు ముఠాలుగా కట్టి వేలం వేశారు. కొండల మీద ముఠా అలా వేలంలో పుట్టలేదు. గూడెం, రంప కొండల్లో ఒక వాగు పరీవాహకంలోనో, ఒక కొండ వరస చుట్టూనో ఉన్న చిన్నచిన్న ఊళ్ళన్నీ ఒక పెద్ద కింద ఉండేవి. ఆ పెద్ద ముఠాదారు. గూడెం, దారకొండ, గుర్తేడు, లాగరాయి ఇలాంటి ముఠాలే. ఒడిశాలో కంధమాల్ కొండల్లో కోందులకు కూడా ఈ పేరుతోనే ఊళ్ళ కూటములు ఉన్నాయి.

ముఠాదారు చేసే పనులు ఏమిటి? ఊళ్ళ నుంచి కొద్దిపాటి పన్ను వసూలు చేసి, అందులో నిర్ణయించిన మొత్తాన్ని కట్టుబడిగా పైవాడికి కట్టాలి. పైవాడు ఒకచోట జమీందారు, ఒకచోట మన్సబుదారు, తర్వాత ఇంగ్లీషు ప్రభుత్వం. ఊరికీ ఊరికీ తగువు వస్తే కూర్చోబెట్టి తీర్చాలి. పోడు ఎవరు ఎక్కడ కొట్టుకోవాలో చూడాలి. బయటి నుంచి వచ్చే అధికారికి దారి చూపించాలి. ముఠా హద్దులు కాగితం మీద ఉండేవి కావు. ఈ గెడ్డ దాకా మనది, ఆ కొండ శిఖరం దాటితే వాళ్ళది అని అందరికీ తెలిసి ఉండేది.

ఇదంతా రామరాజ్యం అని మనం పిల్లలకు చెప్పనక్కర్లేదు. ముఠాదార్లలో ఊరి చేత వెట్టి చేయించుకున్నవాళ్ళు ఉన్నారు. వారసత్వం కోసం అన్నదమ్ములు కొట్టుకున్న ముఠాలు ఉన్నాయి. ప్రభుత్వం వచ్చాక దానికి పనివాడిగా మారి ఊరికి దూరమైనవాళ్ళూ ఉన్నారు. అయినా ముఠా అనే మాటకు ఆనాడు ఉన్న అర్థం ఒక్కటే. హద్దు ఉన్న, పెద్ద ఉన్న, కట్టుబాటు ఉన్న ఊళ్ళ కూటమి. పాలన అని పెద్ద మాట వాడినా తప్పులేదు.

ఫితూరీల కాలం

1839 లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల కింద నుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టారు. అక్కడ ఆయన గవర్నరుకు ఏజెంటు. ఏజెన్సీ అనే మాట మనకు అలా వచ్చింది. ఏజెంటు ఉండే చోటు ఏజెన్సీ. కొండకూ అడవికీ సంబంధం లేని ఆ మాట ఇప్పుడు మన నేల పేరుగా నిలిచిపోయింది. మన్యం అనే పాత మాట 2022 ఏప్రిల్ 4 న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినప్పుడు మళ్ళీ ప్రభుత్వ కాగితం ఎక్కింది.

1879 లో రంప కొండలు లేచాయి. అప్పటిదాకా జీలుగు, తాటి కల్లు ఇంటి అవసరానికి గీసుకునేవాళ్ళు. దాని మీద మన్సబుదారు చిగురుపన్ను వేశాడు. పైగా అబ్కారీ కాంట్రాక్టర్లు, వాళ్ళ వెనుక పోలీసులు. మైదానపు వ్యాపారులు అప్పుపత్రాలు పట్టుకొని కోర్టు ద్వారా పశువులనూ పంటలనూ పట్టుకుపోవడం మరో పక్క. కారం తమ్మన్న దొర, చంద్రయ్య, అంబుల్ రెడ్డి వంటి వాళ్ళ నాయకత్వంలో ముఠాలు కదిలాయి. తిరుగుబాటు గూడెం కొండలకూ భద్రాచలం వైపూ పాకింది. అణచడానికి సైన్యం రావాల్సి వచ్చింది. ఆ తర్వాత మన్సబుదారును తీసేసి, ప్రభుత్వమే ముఠాదార్లకు నేరుగా సనదులు ఇచ్చింది. సనదు పుచ్చుకున్నవాడు శాంతిభద్రతలు చూడాలి, పోలీసులకు సాయపడాలి. తప్పితే ముఠా పోతుంది. ఊళ్ళ పెద్దగా ఉన్నవాడు అలా సర్కారు ఇష్టం మీద బతికే ఉద్యోగిగా మారాడు.

ఇలాంటి ప్రతి లేవడాన్నీ ప్రభుత్వం ఫితూరి అని రాసుకుంది. పాల్గొన్నవాళ్ళు ఫితూరీదార్లు. 1882 లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడుకు అడ్డంకులు, పశువుల మేతకు అడ్డంకులు, దారులు వేయడానికి కూలి సరిగా ఇవ్వని బలవంతపు పనులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 1915-16 లో లాగరాయిలో ఫితూరి జరిగింది. 1922 లో అల్లూరి సీతారామరాజుతో పాటు గాం గంటం దొర, గాం మల్లు దొర సోదరులు కదిలారు. ఆగస్టు 22 న చింతపల్లి, 23 న కృష్ణదేవిపేట, 24 న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడులు జరిగాయి. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న మొట్టడం వీరయ్య దొరను విడిపించారు. 1924 మే 7 న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు.

ఇక్కడ మన విషయానికి సంబంధించిన సంగతి ఒకటుంది. ఆ మనుషులను ప్రభుత్వపు రాతల్లో ఏమని పిలిచారు? గ్యాంగ్ అన్నారు, బందిపోట్లు అన్నారు. ముఠా పోగొట్టుకున్న ముఠాదార్ల కుటుంబాలు ఆ పోరాటంలో ఉన్నాయి. గంటం దొర ఊరి మునసబు పని పోగొట్టుకున్న మనిషి. పన్ను, అడవి, కూలి అనే మూడు కష్టాలు ఆ కదలిక వెనుక ఉన్నాయి. గ్యాంగ్ అని ఒక్క మాట రాసేసరికి ఈ కారణాలన్నీ కాగితం మీద మాయమైపోతాయి. గ్యాంగుకు ఫిర్యాదులు ఉండవు, ఊళ్ళు ఉండవు, హద్దులు ఉండవు. దాన్ని పట్టుకోవడమో కాల్చడమో తప్ప ప్రభుత్వం చేయవలసింది మరేమీ ఉండదు.

ఒకే వరసలో మూడు మాటలు

గ్యాంగ్ అనే ఆ మాట అప్పటికే చట్టంలో ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టంలో తెగ, గ్యాంగ్, వర్గం అనే మూడు మాటలు పక్కపక్కనే నిలబెట్టారు. వీటిలో ఏదైనా సరే నేరాలకు అలవాటు పడిందని స్థానిక ప్రభుత్వం అనుకుంటే నేరస్థ తెగగా ప్రకటించవచ్చు. దొంగతనం చేసిన మనిషిని పట్టుకునే చట్టం కాదది. పుట్టిన బిడ్డ కూడా తెగలో పుట్టినందుకు అనుమానితుడే. పేర్లు రిజిస్టరులో రాయాలి, వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి, ఊరు దాటితే చీటీ ఉండాలి. మొదట ఉత్తర భారతంలో పెట్టిన ఈ చట్టం 1911 లో మద్రాసు రాజధానికి కూడా వచ్చింది.

మన తెలుగు నేలలో దీని బరువు ఎక్కువగా మోసినవాళ్ళు ఎరుకలవాళ్ళు. యానాదుల్లో కొందరికీ తప్పలేదు. ఉప్పు, కరివేపాకు, ధాన్యం గాడిదల మీద, ఎడ్ల మీద వేసుకొని ఊరూరా తిరిగి అమ్ముకున్న ఎరుకలవాళ్ళకు రైలు, రోడ్డు వచ్చాక ఆ బేరం పోయింది. తిరగడం మిగిలింది. తిరిగే మనిషి అంటే పోలీసుకు అనుమానం. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్ప అలా కట్టిన సెటిల్‌మెంట్లే. స్టువర్టుపురం 1913-14 ప్రాంతంలో మొదలైంది. అది ఒక దొర పేరు. పుట్టుకతోనే దొంగలు అని ముద్రపడ్డ వాళ్ళ పిల్లలు ఆ ఊరి పేరు చెప్పడానికి ఎన్ని తరాలు జంకారో మనకు తెలుసు. 1952 ఆగస్టు 31 న ఆ చట్టం రద్దయింది. అప్పటి నుంచి వాళ్ళను విముక్త జాతులు అంటున్నారు. చట్టం పోయి 70 ఏళ్ళు దాటినా ఊళ్ళో ఏ దొంగతనం జరిగినా ముందు ఏ వాడ వైపు చూస్తారో చెప్పనక్కర్లేదు.

గ్యాంగ్ అనే ఇంగ్లీషు మాటకు ఈనాటి పత్రికల తెలుగు ముఠా. ఎర్రచందనం ముఠా, గంజాయి ముఠా, కిడ్నాపు ముఠా అని రోజూ చదువుతాం. పత్రికలవాళ్ళు దీన్ని మన కొండల నుంచి తీసుకున్నారని మనం అనడం లేదు. కట్ట, గుంపు అనే మూల అర్థం నుంచి ఒక కొమ్మ ఊళ్ళ కూటమి వైపు, ఒక కొమ్మ కూలీల జట్టు వైపు, ఒక కొమ్మ నేరస్థుల వైపు పెరిగింది. పట్నాల్లో బస్తాలు మోసేవాళ్ళు ఇప్పటికీ ముఠా కూలీలే, వాళ్ళ పెద్ద ముఠా మేస్త్రి. ఆ పేరుతో 1993 లో వచ్చిన సినిమా అందరికీ తెలిసిందే. కూలీల కొమ్మ ఇంకా పచ్చగా ఉంది. నేరస్థుల కొమ్మ బాగా ఏపుగా పెరిగింది. మన కొమ్మను 1969 లో చట్టం నరికింది. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముఠాలను రద్దుచేసి రైత్వారీ కిందకు మార్చే రెగ్యులేషన్ తెచ్చింది. సాగు చేసుకునే రైతుకు సొంత పట్టా దక్కే వీలు కలిగింది, అది మేలే. ముఠాదారు పెత్తనం, వెట్టి పోవాల్సిందే. వాటితో పాటు ఊళ్ళు కలిసి కూర్చొనే అలవాటు కూడా సన్నగిల్లింది. మాట మాత్రం పోలీసు స్టేషను అర్థంతో మిగిలింది.

తండా ఎక్కడ ఆగింది

లంబాడీల తండా చరిత్ర కూడా ఇలాంటిదే. ఇప్పుడు తండా అంటే లంబాడీలు ఉండే ఊరు. ఒకప్పుడు తండా అంటే నడిచే బిడారు. వందల, వేల ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని, నాయక్ ముందు నడుస్తుంటే పిల్లాజెల్లాతో దక్కను అంతా తిరిగేది. మొగలు సైన్యాలకు తిండిగింజలు చేరవేసింది తండాలే. టిప్పు సుల్తాను మీద 1791-92 లో కారన్‌వాలిసు చేసిన యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి గింజలు మోసిందీ వాళ్ళే. రైలు వచ్చాక ఎడ్ల బిడారుకు పని పోయింది. ఎక్కడ నీళ్ళు, మేత దొరికితే అక్కడ తండా ఆగింది. కదిలే గుంపు పేరు కదలని ఊరి పేరు అయింది.

గూడెం అయినా తండా అయినా చాలాకాలం రెవెన్యూ లెక్కలో ఊరు కాదు. ఎక్కడో ఉన్న పెద్ద ఊరికి శివారు. రేషను, బడి, ఓటు అన్నిటికీ ఆ పెద్ద ఊరి చుట్టూ తిరగాలి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టంతో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత గ్రామ పంచాయతీలు అయ్యాయి. గుంపుకు ఊరు అనే పేరు రావడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. ఆ పేరుతో పాటే సర్పంచి, నిధులు, తీర్మానం చేసే హక్కు వచ్చాయి.

మనకు మనం పెట్టుకున్న మాటలు

ఇతరులు పెట్టిన మాటలు ఇన్ని చెప్పుకున్నాం. మనవాళ్ళు తమను తాము ఎలా కలుపుకున్నారో కూడా చూడాలి. ఆదిలాబాద్ గోండులు తమను కోయితోర్ అని చెప్పుకుంటారు. గోండు అనేది బయటివాళ్ళు పిలిచిన పేరు. వాళ్ళలో ఏడుగురు అన్నదమ్ముల వాళ్ళు, ఆరుగురి వాళ్ళు, ఐదుగురి వాళ్ళు, నలుగురి వాళ్ళు అని నాలుగు సగలు. యేర్వేన్, సార్వేన్, సీవేన్, నాల్వేన్ అని పిలుస్తారు. ఒకే సగలో పెళ్ళి చేసుకోరు. గోదావరి ఒడ్డు కోయల్లో ఇదే పద్ధతిని గట్టు అంటారు. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని లెక్క. ఒక గట్టు వాళ్ళకు ఒక వేల్పు. కొత్త మనిషి ఊరికి వస్తే ముందు గట్టు అడుగుతారు. జవాబు తెలియగానే అతను అన్నా, బావా అన్నది తేలిపోతుంది. దాన్ని బట్టే ఎలా పిలవాలో, ఎవరింట్లో కూర్చోవాలో నిర్ణయమవుతుంది.

మందలో తల లెక్కకు వస్తుంది. గ్యాంగులో నేరం లెక్కకు వస్తుంది. సగలో, గట్టులో, గోత్రంలో వరస లెక్కకు వస్తుంది. బయటి గుంపు మాటలకూ మన గుంపు మాటలకూ ఉన్న తేడా ఇది.

పోర్జ అనే పేరు చూడండి. అది ప్రజ అనే మాటకు ఒడియా, మన్యం నోళ్ళలో వచ్చిన రూపం. రాజు ఉంటేనే ప్రజ ఉంటుంది. జయపురం రాజు వైపు నుంచి చూస్తే వాళ్ళు పన్ను కట్టే ప్రజ. ఆ పాలన పోయి తరాలు గడిచినా తెగ పేరు అదే.

తెగ, జాతి, గిరిజనులు, ఆదివాసులు అనే మాటలను కూడా ఇలాగే తూచాలి. తెగ అంటే విభాగం. జాతి అనేది పుట్టుకను చెబుతుంది, పశువులకూ పక్షులకూ కూడా వాడతాం. గిరిజన అంటే కొండ మనిషి. మైదానంలో ఏటి ఒడ్డున చేపలు పట్టే యానాదికి ఏ కొండ ఉంది? ఆదివాసి అంటే ముందు నుంచీ ఉన్నవాడు. ఈ ఒక్క మాటలోనే నేల మీద హక్కు వినిపిస్తుంది. అందుకే జైపాల్ సింగ్ ముండా రాజ్యాంగ సభలో ఆదివాసి అనే మాట కోసం గట్టిగా వాదించారు. ఆయన మాట నెగ్గలేదు. రాజ్యాంగంలో షెడ్యూల్డ్ తెగలు అనే పేరు నిలిచింది. షెడ్యూలు అంటే జాబితా. 1874 లోనే షెడ్యూల్డ్ జిల్లాల చట్టం ఉంది కాబట్టి ఆ మాట మనకు కొత్తది కాదు. జాబితాలో పేరు ఉండటం వల్ల చదువు, ఉద్యోగం, భూమి రక్షణ వచ్చాయి. దాన్ని తక్కువ చేయలేం. చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి, గదబ, పోర్జ వంటి వాళ్ళను 1975 నుంచి ఆదిమ గిరిజన సమూహాలు అంటూ వచ్చారు. 2006 లో ఆదిమ అనే మాట తీసేసి, ప్రత్యేకంగా దుర్బలమైన సమూహాలు అని మార్చారు. వెనుకటి కాలం మనుషులు అనే అర్థం పోయింది. కష్టంలో ఉన్నవాళ్ళు అనే అర్థం వచ్చింది. మాట మారితే ప్రభుత్వం వేసుకోవలసిన ప్రశ్న కూడా మారుతుంది. వీళ్ళు ఎందుకు ఎదగలేదు అనే ప్రశ్న పోయి, వీళ్ళను ఏది దుర్బలం చేసింది అనే ప్రశ్న రావాలి.

బడిలో ఏం చేద్దాం

గుంపు మాటల పాఠం మనం మానేయనక్కర్లేదు. దాన్నే కొంచెం పెద్దది చేద్దాం. దొంగల ముఠా అని పుస్తకంలో ఉంటే పక్కన నల్లబల్ల మీద కూలీల ముఠా, ఊళ్ళ ముఠా అని మరో రెండు రాద్దాం. పిల్లలను ఇంటికి వెళ్ళి మన ఊరు ఏ ముఠాలో ఉండేది, ఆ ముఠాలో ఇంకా ఏ ఊళ్ళు, హద్దు ఏ గెడ్డ, ఏ కొండ అని అడిగి రమ్మందాం. ఐదో తరగతి పిల్లలు ఆ ఊళ్ళను కాగితం మీద గీయగలరు. ఆ కాగితాలన్నీ కలిపితే పాత ముఠా పటం తయారవుతుంది. చెప్పే పెద్దలు ఇంకా కొందరే మిగిలారు కాబట్టి ఈ పని రేపటికి వాయిదా వేసేది కాదు.

మన భాషల్లో గుంపు మాటలు కూడా రాయించాలి. కోయలో మేకల గుంపును ఏమంటారు, కువిలో పక్షులు బారుగా ఎగిరితే ఏమంటారు, సవరలో కలిసి పోడు కొట్టేవాళ్ళను ఏమంటారు? గిడుగు రామమూర్తి గారు సవర ఊళ్ళు తిరిగి, సవరల దగ్గరే నేర్చుకొని ఆ భాషకు నిఘంటువు చేశారు. ఆయన తెలుగువారు. ఆ భాషలు పుట్టుకతో వచ్చిన మనకు ఆ పని ఇంకా తేలిక. 2004 నుంచి సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా భాషల్లో చిన్న తరగతుల బోధన మొదలైంది. మన పిల్లలు తెచ్చే మాటలు ఆ పుస్తకాలకు పనికొస్తాయి.

పెద్ద తరగతుల వాళ్ళకు ఇంకో సంగతి చెప్పాలి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామం అంటే ఏమిటో చెప్పింది. ఒక ఆవాసం కావచ్చు, కొన్ని ఆవాసాల సమూహం కావచ్చు, ఒక గూడెం కావచ్చు, కొన్ని గూడేల సమూహం కావచ్చు. ఒక సమాజంగా ఉంటూ, తమ సంప్రదాయాల ప్రకారం తమ వ్యవహారాలు నడుపుకొనేదే గ్రామం. దానికి గ్రామసభ ఉంటుంది. భూసేకరణకు ముందు ఆ సభతో సంప్రదించాలి. అడవి మీద సామూహిక హక్కులు అడగడానికి 2006 నాటి అటవీ హక్కుల చట్టం కూడా అదే గ్రామసభకు అధికారం ఇచ్చింది. కొన్ని గూడేల సమూహం అని చట్టం రాసిన చోట మన పెద్దవాళ్ళకు ముఠా గుర్తుకొస్తుంది. ముఠాదారు లేడు, సనదు లేదు, వెట్టి లేదు. కలిసి కూర్చొని తమ సంగతి తాము తేల్చుకొనే ఊళ్ళు మాత్రం ఉన్నాయి. ఆదిలాబాద్‌లో గోండుల రాయ్ సెంటర్లు ఈ పని ఇప్పటికీ చేస్తున్నాయి.

గ్రామసభకు ఎంతమంది వచ్చారు అని మండలాఫీసు రిజిస్టరులో తలలు లెక్కపెడతారు. కోరం నిండితే సభ జరిగినట్టే. తలలు లెక్కపెడితే మంద అవుతుంది, మాట్లాడితే సభ అవుతుంది. మన దగ్గర చదువుకున్న పిల్లలు ఆ సభలో లేచి తీర్మానం చదివించుకొని, అర్థం కాకపోతే తమ భాషలో చెప్పమని అడిగి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి. గుంపు మాటల పాఠం చెప్పేటప్పుడు మనం ఆ రోజును కూడా దృష్టిలో పెట్టుకొని చెబుదాం.